చెయ్యి లేవని ఛాంపియన్

మేడ్చల్ బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసే రెబెక్కా జిల్లా టెన్నిస్ ఛాంపియన్ అంటే నమ్మేవాళ్లు తక్కువ. ఏటా గెలుస్తూనే ఉన్నా పేపర్లో ఆమె పేరు ఒక్కసారైనా పడిన పాపాన పోలేదు. ఎలా పడుతుంది? చూడముచ్చటైన ఆట కాదు మరి. బంతిని బాదేది కాదు, రాకెట్‌తో కోసినట్టు కొట్టేది. అది అవతల పడ్డాక పైకి లేవకుండా నేలబారుగా జారిపోయేది. బాదుడు నేర్చిన అమ్మాయిలు వంగలేక ఏడ్చేవారు.

ఆ కోత దెబ్బను రెబెక్కా ఒక్కరికే నేర్పింది. ఆమె సూరారం దుర్గాబాయి, డబుల్స్‌లో జోడీ, సొంత చెల్లెలి కంటే ఎక్కువ. తొంభై ఆరు ఎండాకాలంలో భుజం పట్టేసి రెబెక్కా కుడిచెయ్యి తలపైకి లేవకుండా పోయింది. సర్వీసు కింది నుంచే వేస్తుంటే, ఇదో కొత్త తిక్క అనుకున్నారు జనం. అసలు సంగతి దుర్గాబాయికి మాత్రమే తెలుసు. రోజూ నూనె రాసి మర్దన చేసింది ఆమే.

"పరేషాన్ గాకక్కా, నేనెవ్వలకు చెప్ప" అంది.

నిజమే, ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు జిల్లా పోటీ గెలిచినవాళ్లకే కోచ్ ఉద్యోగమని కొంపల్లిలో కొత్తగా పెట్టిన క్లబ్బువాళ్లు ప్రకటించారు. రెబెక్కా ప్రాణమంతా ఆ ఉద్యోగం మీదే. తీరా ఫైనల్‌కు మిగిలింది వీళ్లిద్దరే.

మొదటి సెట్ రెబెక్కాది. రెండో సెట్ నుంచి దుర్గాబాయి బంతిని ఆమె నెత్తి మీదుగా గాల్లోకి లేపడం మొదలుపెట్టింది. ఇంకొకరైతే అలాంటి బంతిని ఎగిరి బాది పడేస్తారు. చెయ్యి లేవని రెబెక్కా వెనక్కి పరుగెత్తింది. మళ్లీ లేపింది, మళ్లీ పరుగెత్తింది. జనం నవ్వారు. ఎంత నీచం! కానీ ఆట నియమాల ప్రకారం అందులో తప్పు లేదు.

గెలిచాక దుర్గాబాయి నెట్ దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "ఆట ఆటేనక్కా. మనసుల వెట్టుకోకు."

"నువ్వు గెల్సినందుకు గాదు దుర్గా. నీకు చెప్పుకున్న కాడనే కొట్టినవు," అంది రెబెక్కా.

దుర్గాబాయి కోచ్ అయింది. ఆ కోత దెబ్బ కూడా క్లబ్బులో దుర్గా మేడమ్‌దైపోయింది. రెబెక్కా ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది, రాకెట్ మళ్లీ పట్టలేదు.

ఎనిమిదేళ్ల తర్వాత పనిలో కుప్పకూలితే, భర్త ఏలియా ఆమెను షామీర్‌పేట ఆసుపత్రికి ఎత్తుకెళ్లాడు. ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పమని డాక్టర్ అడిగాడు.

రెబెక్కా పళ్లు బిగించి, భర్త ముఖంలోకి అనుమానంగా చూసింది.

"ఏడా లేదు సార్," అంది.