బత్తాయిల బండి మీద దిగిన పైలట్

విమానం కూల్చిన పైలట్ల గురించి మీరు వార్తల్లో చదివి ఉంటారు. స్కూటర్ కూల్చిన పైలట్‌ని చూడాలంటే నన్ను చూడండి. అదీ కొత్తపేటలో, పట్టపగలు, మా నాన్నతో సహా, బత్తాయిల బండి మీద. చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మధ్యలో ఒకచోట మాత్రం నాకు నవ్వు రాదు.

అప్పుడు నేను పైలట్ శిక్షణలో ఉన్నాను. వానలకు మా శిక్షణ కేంద్రంలో విమానాలు ఎగరక సెలవులిస్తే ఇంటికి వచ్చాను. తిరిగి వెళ్లగానే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్ష. మబ్బుల్లో బయట ఏమీ కనబడనప్పుడు ముందున్న మీటర్లను నమ్ముకుని విమానం నడపగలనని పరీక్షాధికారికి చూపించాలి. అందుకని హుడ్ అనే ప్లాస్టిక్ ముసుగు కళ్ల మీదికి తగిలిస్తారు. గుర్రానికి కట్టే గంతల్లాంటిదే. మీటర్లు తప్ప కిటికీ కనబడదు. అది పెట్టుకుంటే చాలు, నాకు కుడి ఏదో ఎడమ ఏదో తెలిసేది కాదు. "విమానం తిన్నగానే ఉందమ్మా, నువ్వే వంగిపోయావు" అనేవారు మా గురువుగారు.

ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కుర్చీలో హుడ్ పెట్టుకుని కూర్చుని సాధన మొదలుపెట్టాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ కాసేపు చూసి, "గట్ల కూసుంటే పాసైతవానే?" అంది.

"కుర్చీ కదుల్తలేదమ్మా. గదే పరేషాన్."

నాన్న పేపరు పక్కన పెట్టాడు. సిటీ బస్సు డ్రైవర్‌గా రిటైరై, వనస్థలిపురంలో ఒక స్కూల్ వ్యాన్ నడుపుతున్న మనిషి. కదిలేవాటి మాటెత్తితే ఆగలేడు. "కదిలేది కావాల్నా? నడువు, స్కూటర్ తీస్తా" అన్నాడు.

మా ఇద్దరికీ అది గొప్ప ఆలోచనలాగే తోచింది. నాన్న విమానం, నేను పైలట్. వెనక సీట్లో హుడ్ పెట్టుకుని, చేతిలో ఫోన్‌లోని దిక్సూచి చూస్తూ నేను దారి చెప్పాలి. హుడ్ మీద హెల్మెట్ పట్టదు కాబట్టి దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను. నా తెలివి ఎంతటిదో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

"డిగ్రీలు చెప్పకు బిడ్డా. కుడి, ఎడమ చెప్పు" అన్నాడు నాన్న.

"కుడికి."

"తిప్పిన."

"ఇగ సీదా పో నాన్నా."

"పోతున్న."

రెండు సందులు దాటేసరికి నాకు ఆకాశం ఇంచుమించు చేతికి అందినట్టే అనిపించింది. రైతుబజార్ వెనక సందులో, "ఎడమకు, మెల్లగ" అన్నాను. నాన్న ఎడమకు, మెల్లగా తిప్పాడు. మరుక్షణం నేను బత్తాయిల మధ్య కూర్చుని ఉన్నాను. మిగతా బత్తాయిలు దొర్లుకుంటూ పక్కనున్న మురుగు మోరీ వైపు పోతున్నాయి.

బత్తాయిలమ్మే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందయ్యా, గింత పెద్ద బండి కనబడలేదా?" అని నాన్నను అడిగి, నా వైపు తిరిగి నా ముసుగు చూసింది. "కండ్ల ఆపరేషన్ అయిన పిల్లను బండి మీద తిప్పుతవా?"

"ఆపరేషన్ కాదక్కా. పైలట్ పరీక్ష" అన్నాను.

"విమానం గిట్లనే నడుపుతరా? నేనైతే ఎక్క."

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని ఆ బత్తాయిల బండినే చూస్తున్నాడు.

"కనబడలేదమ్మా" అన్నాడు ఆమెతో. "ఎడమ దిక్కు నాకు కనబడ్తలేదు. శాన దినాలైంది."

నేను హుడ్ తీసేశాను. ఆమె నాన్నను స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. నేను వంగి పళ్లు ఏరుతూ, ఆయన ముఖం చూడలేక, "మరి వ్యాన్ ఎట్ల నడుపుతున్నవ్ నాన్నా?" అని అడిగాను.

"తలకాయ తిప్పుకుంట నడుపుతున్న. నీ పరీక్ష అయినంక చూపించుకుందామనుకున్న. ముందే చెప్తే నువ్వు పుస్తకం ముట్టవ్."

నాన్నను ఎల్బీనగర్‌లో కంటి దవాఖానకు తీసుకెళ్లాను. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. "పోయిన చూపు రాదండి. చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చు. డ్రైవింగ్ మాత్రం మానేయాలి" అన్నారు డాక్టరమ్మ.

"వ్యానా, స్కూటర్ గూడనా?" అని అడిగాడు నాన్న.

"రెండూనండి."

మర్నాడు నాన్న వ్యాన్‌ని తానే కడిగి, స్కూల్లో తాళాలిచ్చి, బస్సులో వెనక సీట్లో కూర్చుని ఇంటికి వచ్చాడు. "ఆ డ్రైవర్ గేర్లు సక్కగ ఏస్తలేడు" అని మాత్రం అన్నాడు. నేను పరీక్షకు పోనన్నాను. "నేను ఆగిన. నువ్వు గూడ ఆగితే ఇంట్ల ఇగ నడిపేది ఎవరే?" అన్నాడు నాన్న.

వెళ్లాను. హుడ్ పెట్టుకోగానే ఎప్పటిలాగే విమానం పక్కకు ఒరిగినట్టు అనిపించింది. మీటరు ముల్లు మాత్రం విమానం తిన్నగా ఉందని చెబుతోంది. దాని మాటే విన్నాను. కిందికి దిగాక పరీక్షాధికారి చేయి కలిపారు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"పాసైన నాన్నా."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత నాన్న గొంతు: "ఏం కొలువే బిడ్డా ఇది. కండ్లు మూసుకోని నడిపితే నిన్ను పాస్ చేసిండ్రు. కండ్లు తెరిచి నడిపితే నన్ను దిగమన్నరు."

నవ్వాను. నవ్వుతూనే, విమానాలు నిలిపే హ్యాంగర్ గోడ వెనక్కి వెళ్లి ఏడ్చాను.

అందుచేత మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ స్కూటర్ ఎక్కినా కళ్లకు ముసుగు పెట్టుకోను. పెట్టుకుని మా నాన్నకు దారి చెప్పను. ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే, ముందు ఆయనకు ఏం కనబడుతోందో అడుగుతాను.