పార్కులో మా మామయ్య కుర్చీ

మా సదాశివరావు మామయ్యకి ఒకటే పిచ్చి. మేనకోడలు తను ఇష్టపడ్డ అబ్బాయిని కలవడానికి వెళ్తుంటే, మడత కుర్చీ చంకన పెట్టుకుని తనూ బయల్దేరతాడు. ఆ మేనకోడల్ని నేనే.

రెండువేల నాలుగులో ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో వాళ్ళింట్లో ఉంటూ గుర్గావ్‌లో ఉద్యోగం చేసేదాన్ని. స్టీవ్‌ది బందరు, ఢిల్లీలో ఒక ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. అతణ్ణి చేసుకుంటానో లేదో నెలాఖరుకి తేల్చమంది అమ్మ. లేకపోతే గుంటూరు సంబంధం ఖాయం. తేల్చుకోవాలంటే మాట్లాడుకోవాలిగా! ఢిల్లీలో ప్రేమికులకి అన్నీ దొరుకుతాయి, కూర్చునే చోటు తప్ప. అతని గదికి వెళ్తే ఓనరమ్మ ఊరుకోదు. హోటల్లో కాఫీ తాగడం ఆలస్యం, బిల్లు పట్టుకుని వెయిటరు నెత్తిన నించుంటాడు. ఇక మిగిలింది పార్కే.

"నేనూ వస్తానే," అన్నాడు మామయ్య.

"మీరెందుకు మామయ్యా?"

"ఎండ కాగుతాను."

మేం బెంచీ మీద. నాలుగడుగుల దూరంలో మామయ్య, వీపు మావైపు, మొహం గేటువైపు. చెవుల మీదుగా మఫ్లరు, ఒళ్ళో జంతికల డబ్బా. చెవి మిషను పెట్టుకున్నాడంటే వంటింట్లో చెంచా పడ్డా ఏ చెంచానో చెప్పేస్తాడు. అందుకని మేం గుసగుసలకి దిగాం.

"ఏమన్నావ్?"

"నువ్వేమన్నావ్?"

ఇదీ మా ప్రేమ. స్టీవ్ రెండుసార్లు పెళ్ళిమాట ఎత్తాడట. నాకు వినబడితే కదా!

"అంకుల్‌ని ఒక్కవారం ఇంట్లో ఉంచలేమా?" అన్నాడు పాపం.

"కుర్చీ దాచేసి చూశాను. స్టూలు తెచ్చుకున్నాడు."

ప్రేమికుల రోజున కర్రలూ రాఖీలూ పట్టుకుని నలుగురు గేట్లోంచి వచ్చారు. జంట కనబడితే చాలు, అమ్మాయిచేత అబ్బాయికి రాఖీ కట్టించేస్తున్నారు. మా వంతు వచ్చింది. మామయ్య లేచి, దారికి అడ్డంగా కుర్చీ వేసి కూర్చున్నాడు.

"హటో అంకుల్!" తప్పుకోమన్నాడొకడు.

"దోనో హమారా బచ్చా హై. హమ్ సాథ్ మే ఆయా," అన్నాడు తన తెనాలి హిందీలో, ఇద్దరూ మా పిల్లలే, కలిసే వచ్చామని.

వాళ్ళు తిట్టారు, కర్రలు ఎత్తారు. మామయ్య కనురెప్ప కదల్లేదు. పైగా జంతికల డబ్బా చాపాడు, "లో, ఖావో!"

"ఛోడ్ యార్, ఘర్‌వాలే సాథ్ హై," అని, ఇంటివాళ్ళే వెంట ఉన్నారుగా వదిలెయ్యమంటూ ఒకడు జంతిక తీసుకున్నాడు. నలుగురూ వెళ్ళిపోయారు. మా మేనమామ ఇంతటివాడా అని నాకు గుండె ఉప్పొంగింది.

"అన్ని తిట్లు తిడుతుంటే భయం వెయ్యలేదా మామయ్యా?"

పలకలేదు. భుజం తట్టాను. మఫ్లరు విప్పి, జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టుకున్నాడు.

"ఆఁ, ఇప్పుడు చెప్పు. తిట్టారా?"

"మిషను తీసేసి కూర్చున్నారా!"

"ప్రతిసారీ అంతేగా! మీ మాటలు నేను వినొచ్చుటే? నా డ్యూటీ గేటు. ఇంటివాళ్ళు పక్కనుంటే ఎవడూ మీ జోలికి రాడు."

స్టీవూ నేనూ మొహాలు చూసుకున్నాం.

"ఆ మిషను ఇంకొక్క నిమిషం తియ్యండి మామయ్యా," అన్నాను. తీసి జేబులో వేసుకుని, బుద్ధిగా గేటువైపు తిరిగాడు.

"స్టీవ్! మా అమ్మకి ఫోన్ చెయ్యి. నిన్నే చేసుకుంటాను!" అని అరిచాను.

తెలుగు రాకపోయినా సంగతి అర్థమై, మొక్కలకి నీళ్ళు పోస్తున్న మాలీ చప్పట్లు కొట్టాడు. వాకింగు ఆంటీలు ఆగి మరీ దీవించారు. మా పెళ్ళి కబురు పార్కులో అందరికీ తెలిశాక, ఆఖరున తెలిసింది మామయ్యకే.