ఫస్ట్ బేస్‌కి ఒక అడుగు దగ్గర

మార్చి వచ్చిందంటే మా వీధిలో మిరపకాయల లారీలు ఆగుతాయి. టార్పాలిన్ల కింద నుంచి వచ్చే ఘాటుకి అందరూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఎడమ అరచెయ్యి బ్యాటు కోసం దురద పెడుతుంది. వెంటనే సువార్తమ్మ టీచరు గొంతు వినిపిస్తుంది: "కళ్లు తర్వాత తుడుచుకోవచ్చు. ముందు బంతి విసరవే!"

ఎనభైల్లో ఆవిడ మా ఊరి హైస్కూల్లో డ్రిల్లు టీచరు. తెల్ల చీర, కాన్వాసు బూట్లు, మెళ్లో సిలువ పక్కనే ఈల. వచ్చీ రాగానే ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ మొదలుపెట్టారు. బేస్‌బాల్‌కి చెల్లెలి లాంటి ఆట అది. బంతి కొట్టి, బ్యాటు పారేసి, నాలుగు బేస్‌లూ చుట్టి రావాలి. మనకంటే ముందు బంతి బేస్‌కి చేరితే అవుట్, చివరి బేస్ అయిన 'ఇల్లు' చేరితే ఒక పరుగు. మా బేస్‌లు ఇసుక నింపిన గోనెసంచులు. గ్రౌండు పక్కనే కళ్లం. మిరపకాయలు ఆరబోసే రోజుల్లో బంతి వెళ్లి ఆ రాశుల్లో పడేది. తీసిన చేత్తోనే కళ్లు నులుముకుని లబోదిబోమనేవాళ్లం. ఆవిడకి జాలి లేదు. బంతి జారవిడిస్తే "మళ్లీ" అనేవారు, పట్టుకున్నా "మళ్లీ" అనేవారు. ప్రాణం తోడేస్తోందని తిట్టుకుంటూనే మర్నాడు అందరికంటే ముందు గ్రౌండులో ఉండేదాన్ని. జిల్లా పోటీలకి వెళ్లే జట్టులో ఉండి తీరాలని నా పంతం.

చిక్కల్లా నా చేతితోనే. నాది పుట్టు ఎడమచేతి వాటం. మా నాయనమ్మకి అది తలవంపులు. గరిటె తిరగేసి కొట్టి కొట్టి నాకు కుడిచేత్తో తినడం, రాయడం నేర్పింది. ఆ భయానికి బ్యాటు కూడా కుడిచేతి వాటంగానే పట్టేదాన్ని. ఒక్క బంతీ తగిలేది కాదు. ఒకరోజు కళ్లంలోకి దూరిన మేకని అదిలిస్తూ ఎడంచేత్తో మట్టిబెడ్డ విసిరాను. టీచరు చూశారు.

"అవతలి పక్క నిలబడి, ఎడంచేతి వాటంగా కొట్టు."

"మా నాయనమ్మ చంపేస్తుందండి."

"ఆవిడ సంగతి నేను చూసుకుంటా. నువ్వు బంతి సంగతి చూడు."

బంతి ప్రహరీగోడ దాటింది. "అటు నుంచైతే ఫస్ట్ బేస్‌కి ఒక అడుగు దగ్గర కూడానే, పిచ్చిదానా" అన్నారు. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు.

కబురు ఇంటికి చేరింది. ఆటా లేదు గీటా లేదు పొమ్మంది నాయనమ్మ. ఆ ఆదివారం టీచరు చర్చి నుంచి నేరుగా మేం పత్తి తీస్తున్న చేలోకే వచ్చారు.

"అమ్మా, పత్తి ఏ చేత్తో తీస్తారండీ?"

"రెండు చేతుల్తో. ఒక చేత్తో తీస్తే పొద్దుగూకినా సాలు అవుద్దా?"

"మరి మీ మనవరాలు?"

"అదీ అంతే. ఎడం చెయ్యే చురుకు దానికి." అనేశాక నాయనమ్మ నాలిక్కరుచుకుంది.

"చేలో పనికొచ్చే చెయ్యి గ్రౌండులో ఎందుకు పనికిరాదండీ?"

నాయనమ్మ ఒడిలో పత్తి సర్దుకుంది. "నీ ఆట సంగతి నాకెందుకులే టీచరమ్మా. అన్నం కాడ మాత్రం ఊరుకోను" అంది.

పోటీలు చిలకలూరిపేటలో. చివరి ఆటలో రెండు జట్ల స్కోరూ సమానం, మా పిల్ల మూడో బేస్ మీద ఉంది, బ్యాటు నా వంతు. జనంలో చూద్దును కదా, నాయనమ్మ! ఆవిణ్ణి చూడగానే నా కాళ్లు వాటంతటవే కుడిచేతి పక్కకి వెళ్లాయి. బ్యాటు ఊపాను, గాలి తగిలింది. సిగ్గుతో చచ్చిపోయాను. గ్రౌండు గీత అవతల నుంచి టీచరు ఒకటే కేక: "మళ్లీ!"

అవతలి పక్కకి మారాను. నాయనమ్మ వైపు చూడలేదు. బంతి తగిలింది, పెద్ద దెబ్బేం కాదు, నేలమీద దొర్లుకుంటూ పోయింది. బ్యాటు వదిలేసి పరిగెత్తాను. నా కాలు ఫస్ట్ బేస్ మీద పడ్డాక బంతి వచ్చింది. తేడా ఒక్క అడుగే. మూడో బేస్ పిల్ల ఇల్లు చేరింది, మేం గెలిచాం. నాయనమ్మ తోసుకుంటూ వచ్చి, నా ఎడంచెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "బొబ్బలెక్కిందే" అంది. ఆ చెయ్యిని ఆవిడ కొట్టకుండా పట్టుకోవడం నాకు గుర్తున్నంతలో అదే తొలిసారి.

ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ అన్నం కుడిచేత్తోనే తింటాను, అది నాయనమ్మ వాటా. రాయడం మాత్రం పెద్దయ్యాక ఎడంచేత్తో అఆల నుంచి మళ్లీ దిద్దుకున్నాను. అక్షరం వంకరపోయినప్పుడల్లా "మళ్లీ" అనుకున్నాను. ఇప్పుడు బ్యాంకులో సంతకం పెట్టేటప్పుడు పక్కవాళ్లు నా చేతివంక వింతగా చూస్తుంటారు. చూడనీ అనుకుని, పేరు చివరిదాకా రాస్తాను.