అత్తయ్య పేరు చెప్పి బిగించిన రాడ్లు

మా అత్తయ్య పోయారని ఎవరికీ నేను ఫోన్ చేసి చెప్పలేకపోయాను. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి, కొద్దిరోజులు ఆసుపత్రిలో ఉండి, ఒక పొద్దున ఆమె వెళ్లిపోయారు. మా ఆయనే అందరికీ ఫోన్లు చేశాడు. దుఃఖంలో నాకు చేతులు ఆడడం లేదనుకున్నారంతా. దుఃఖం ఉంది, నిజమే. కానీ ఆ పొద్దున నా వేళ్లు మడవలేనంతగా బిగుసుకుపోయి ఉన్నాయి. నా కీళ్లవాతం ఎంత ముదిరిందో పూర్తిగా తెలిసిన ఒక్క మనిషీ అప్పుడే పోయారు.

ఆమెది ఖాజాగూడ. సర్కారు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మాది గోదావరి వైపు. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను ప్రతి మాటకూ ‘అండీ’ తగిలిస్తే, “నేనేమన్న కలెక్టర్‌నా, గన్ని అండీలు?” అని నవ్వేవారు. సాయంత్రాలు గచ్చిబౌలిలోని మా బాల్కనీలో కూర్చుని, మోకాళ్లకు నువ్వులనూనె రుద్దుకుంటూ ఆఫీసు బస్సుల్ని చూసేవారు. “గంతమంది పోతున్నరు, ఒక్కరన్న ఫోన్ల నుంచి తలెత్తి కిటికీల కెల్లి చూస్తలేరు” అని దిగులుపడేవారు. మోకాళ్ల నొప్పి గురించి మాత్రం దిగులుపడడం నేను చూడలేదు. నొప్పిగా ఉందని పాలవాడికి కూడా చెప్పగలిగే మనిషి ఆమె.

నేను అలా కాదు. నలభై నిండకముందే వచ్చిన జబ్బుకు సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆఫీసులో అద్దం తలుపును భుజంతో నెట్టి, చేతిలో ఫోన్ ఉంది కదా అన్నట్టు నటించేదాన్ని. మాత్రలు వేసుకుంటున్నానని మా ఆయనకు తెలుసు. పొద్దున్నే జాకెట్ హుక్కులు పెట్టుకోలేక కుర్తాలకు మారానని తెలియదు.

ఒక సోమవారం ఉదయం హాలు పక్కనున్న బాత్రూమ్‌కు వెళ్లాను. కమోడ్ మీంచి మోకాళ్లు లేవనియ్యలేదు. పక్కనే ఉన్న తువ్వాలు రాడ్ పట్టుకుని లేవబోయాను. తువ్వాలు మోసే రాడ్ మనిషిని ఎందుకు మోస్తుంది? గోడలోంచి ఊడి నా చేతిలోకి వచ్చేసింది. తడి టైల్స్ మీద కూలబడ్డాను. ఎముకలేవీ విరగలేదు. కానీ లేవలేను.

చప్పుడు విని అత్తయ్య తలుపు దగ్గరికి వచ్చారు.

“ఏమైంది బిడ్డా?”

“ఏం లేదండీ.”

“ఏం లేకుంటే లేచి తలుపు తియ్యి.”

నేలమీద జరుగుతూ వెళ్లి, వేళ్లతో కాక మణికట్టుతో గుద్ది గుద్ది గడియ తీశాను. ఆమె లోపలికి వచ్చి తలుపు వేసేశారు. ఒంటి మీద సరిగ్గా బట్టలేకుండా, తడిసి ఉన్నాను. “మీరు వెళ్లండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను” అన్నాను. ఆమె నా మీద తువ్వాలు కప్పారు. చేతులు పట్టి లాగలేదు. ప్లాస్టిక్ స్టూలు తెచ్చి నా ముందు పెట్టి, కదలకుండా అదిమి పట్టుకున్నారు.

“ముందుగాల మోకాళ్ల మీదికి రా. మోచేతులు దీని మీద పెట్టు. జర ఆగు, ఇప్పుడు లే. తొందరేం లేదు.”

అదే స్టూలు మీద కూర్చోబెట్టి నాకు స్నానం చేయించారు. కన్నతల్లి దగ్గరైతే అంత సిగ్గుపడి ఉండను. ఏడుస్తుంటే వీపు రుద్దుతూ అన్నారు: “సిగ్గుపడితే పడు. జారి మాత్రం పడకు.”

ఆ సాయంత్రమే కొడుకును పిలిచి, “నా మోకాళ్లు సాగుతలేవురా. ఆ బాత్రూమ్‌ల గట్టి రాడ్లు పెట్టియ్యి” అన్నారు. నేను పక్కనే ఉన్నాను. కాదనలేదు.

పనివాళ్లు వచ్చేముందు నన్ను కమోడ్ మీద కూర్చోబెట్టి, నా చెయ్యి ఆనిన చోట గోడ మీద నా కాటుక పెన్సిల్‌తో గీత గీశారు. ఆ గీత చూసి పనాయన, “అమ్మా, మీకిది ఎత్తయితది కదా?” అన్నాడు. “నేను ఇగ పెరుగుత. నువ్వు బిగించు” అన్నారు ఆమె. రాడ్లు టైల్‌కు కాక లోపలి గోడకు పట్టేలా పొడుగు మరలతో బిగించాక, ఆయన్నే వేలాడి చూడమన్నారు. గుండ్రటి కుళాయి తీయించి మణికట్టుతో తిప్పగలిగే పొడుగు పిడిది పెట్టించారు. కమోడ్ మీద ఎత్తు సీటు, రబ్బరు కాళ్ల కుర్చీ, కూర్చుని పోసుకునే చేతి షవర్, కింద జారని చాప వచ్చాయి. గడియ తీసేసి బయటినుంచి కూడా తెరవగలిగేది పెట్టించారు.

మీకోసమని ఎందుకు చెప్పారని అడిగాను.

“నా వయసుకు కీళ్ల నొప్పులంటే ఎవ్వలూ ఏమీ అడగరు. నీ వయసుకంటే వందమంది అడుగుతరు. చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్పు.”

నాకు చెప్పాలనిపించలేదు. బోనాల పండక్కి బాచుపల్లి నుంచి వచ్చిన మా వదిన, అంటే అత్తయ్య కూతురు, ఆ బాత్రూమ్ చూసి పకపకా నవ్వింది. “ఏందమ్మా, దవాఖాన చేసిపెట్టినవ్ ఇల్లును! గింతల్నే ముసల్దానివైపోయినవా?” అంది. అందరూ నవ్వారు. అత్తయ్యా నవ్వారు. “అవునే, నాకు సోకులెక్కువైనయ్.” నేను వంచిన తల ఎత్తకుండా పులిహోర వడ్డించాను. ఆ పొద్దున ఆ రాడ్ పట్టుకునే లేచాను. ఆ నవ్వుల్లో నావంతు కూడా ఆమే భరించారు. ఒక్కనాడూ నా వైపు ‘చూశావా’ అన్నట్టు చూడలేదు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక వదిన కళ్లు తుడుచుకుంటూ అంది, “ఇగ ఆ రాడ్లు తీపియ్యుండ్రి. చూస్తుంటే అమ్మనే యాదికొస్తున్నది.”

మా ఆయన సరేనని తలూపాడు.

“తీయకండి. అవి నావి” అన్నాను. “మొదట్నుంచీ నాకోసమే పెట్టించారు. కమోడ్ మీంచి లేవలేకపోయింది నేను. నేను నోరు విప్పలేక, ఆవిడ తనకని చెప్పారు.”

మా ఆయన నా చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు. వదిన మొహం ఎర్రబడింది. లేచి చరచరా బాత్రూమ్‌లోకి వెళ్లింది. తల్లిని అన్న మాట గుర్తొచ్చి ఏడుస్తోందేమో, నా మీద కోపమేమోనని భయపడుతూ వెనకే వెళ్లాను.

ఆమె మూత వేసి ఉన్న కమోడ్ మీద కూర్చుని ఉంది. రాడ్ పట్టుకుని మెల్లగా లేచింది. మళ్లీ కూర్చుంది. నన్ను చూసి, “తలుపెయ్యి” అంది. వేశాను. అప్పుడు, ఇన్నాళ్లూ కొంగు చాటున దాచుకున్న కుడిచెయ్యి నా ముందు చాపింది. కణుపులు వాచి, ఉంగరం వేలిలోకి దిగబడిపోయి ఉంది.