గోరు దిగని టైరు

ఆంటీ పోయిందన్న కబురు నాకు ఎడ్మంటన్‌లో, ఆఫీసు లంచ్‌రూమ్‌లో, మైక్రోవేవ్ ముందు నిలబడి ఉండగా తెలిసింది. అంకుల్ ఫోన్. "మీ ఆంటీ వెళ్లిపోయిందమ్మా. పొద్దున టీ తాగుతూ తాగుతూ కప్పు కింద పెట్టి..." అని ఆగారు. మర్చిపోయిన పనేదో గుర్తొచ్చినట్టు మళ్లీ అన్నారు: "కొత్త టైర్లు కింద నీ గదిలోనే ఉన్నాయి. ఇంకా మొదటి వేడి పెట్టలేదు."

వేరే ఎవరైనా వింటే పాపం, బాధలో ఏదో మాట్లాడుతున్నారనుకుంటారు. ఆ ఇంట్లో రెండేళ్లున్నదాన్ని గనక నాకు ఏమీ వింతగా అనిపించలేదు. ఆ ఇంట్లో ఏ కబురు తర్వాతైనా రెండో మాట టైర్ల గురించే.

ఆంటీ నాకు చుట్టం కాదు. ఏజాక్స్‌లో మా ఇంటి ఓనరు. మేమంతా చదువుల కోసం ఈ చలిదేశంలో గుంపులు గుంపులుగా విమానాలు దిగిన రోజులవి. కాలేజీ సీటు దొరికినంత తేలిగ్గా పడుకునే చోటు దొరికేది కాదు. బేస్‌మెంట్, బేస్‌మెంట్‌లో హాలు, హాల్లో దుప్పటి తెర కట్టి ఇంకో మంచం. ఆరుగురికి ఒక బాత్రూమ్ ఉన్న చోటు నుంచి పారిపోయి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ నేను ఆంటీ గుమ్మం ఎక్కాను. కింద పెద్ద గదిలో అప్పటికే ఇద్దరమ్మాయిలున్నారు. పక్కన చిన్న గది తలుపు తీస్తే ఒక మంచం, గోడవారగా నల్ల ప్లాస్టిక్ సంచుల్లో కట్టి పేర్చిన గుండ్రటి మూటలు.

"ఇదెందుకు ఖాళీగా ఉంచారాంటీ?"

"ఖాళీ ఎక్కడుంది? మనుషులున్నారుగా" అని ఒక మూట ముడి విప్పి చూపించింది. టైరు. "వీటికి చల్లగా, చీకటిగా ఉండాలి. నీకూ ఈ దేశంలో దొరికేది అదే. నువ్వూ అవీ కలిసి సర్దుకోండి."

"సగం గది వాటిదైతే అద్దె తగ్గించాలి కదాంటీ."

"వాటినడుగు. నీకంటే ముందొచ్చినవి అవి."

అలా నేను రెండేళ్లు రబ్బరు వాసనలో నిద్రపోయాను. ఆ వాసన నా స్వెటర్లకి పట్టింది, పుస్తకాలకి పట్టింది. క్లాసులో ఒకమ్మాయి మీ నాన్నగారికి గ్యారేజీ ఉందా అని కూడా అడిగింది.

ఆంటీ వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది, శనివారాలు కారు పందేల్లో తోలేది. టీవీలో చూపించే పందేలు కావు. పాత కారు లోపలి సామానంతా ఊడబెరికి, ఇనప పంజరం బిగించి, ఊరి బయట చిన్న తారు ట్రాకు మీద గుండ్రంగా తిరిగే పందేలు. తెనాలి నుంచి డాలస్ మీదుగా ఇక్కడికొచ్చిన మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, పక్కింటి పెద్దాయన తన రేసు కారు అమ్మేస్తుంటే గోడ అవతల నుంచి "ఎంత స్పీడు పోతుంది?" అని అడిగిందట. ఆయన చెప్పాడట. ఈవిడ కొనేసింది. మంటలకి తట్టుకునే ఆ దళసరి సూటు వేసుకున్నా నుదుట బొట్టుబిళ్ల మానేది కాదు. పందెం అయ్యి హెల్మెట్ తీసేసరికి ఆ బిళ్ల ఎప్పుడూ ఏ చెంప మీదో, ఏ చెవి పక్కనో ఉండేది. అంకుల్ మాట్లాడకుండా దాన్ని తీసి మళ్లీ మధ్యలో పెట్టేవారు.

అంకుల్ పని అంతే. పులిహోర డబ్బా పట్టుకుని కంచె దగ్గర నిలబడ్డం. పచ్చజెండా ఊపగానే ఆయన వెనక్కి తిరిగి పార్కింగ్ వైపు చూసేవారు. చూడ్డానికి భయం. జనం కేకల్ని బట్టి ఆవిడ ఎక్కడుందో ఊహించుకునేవారు.

ఆంటీ పిసినారి. ఈ మాట ఆవిడే చెప్పుకునేది, బిరుదులాగా. ఈ ఆటలో ఇల్లు గుల్లయ్యేది ఇంజిన్ల వల్ల కాదు, టైర్ల వల్ల అనేది. ఒక ఆదివారం టైర్లు కొనడానికి నన్ను వెంటబెట్టుకెళ్లింది. ట్రక్కు వెనక రెండు దొంతరలు. అమ్మేవాడు మెత్తటి రబ్బరు దొంతర మీద చెయ్యేసి "ఇవి ఫాస్ట్ మేడమ్" అన్నాడు. ఆంటీ బొటనవేలి గోరు టైరు మీద గుచ్చి చూసింది. గోరు దిగింది.

"ఫాస్టే. ఎంతసేపు?"

వాడు నవ్వేశాడు. ఆవిడ రెండో దొంతరకి వెళ్లి గోరు గుచ్చింది. దిగలేదు. నా వైపు తిరిగి, "గోరు దిగితే మనది కాదు. మెత్తది రెండు శనివారాలు హీరో వేషం వేస్తుంది. గట్టిది సీజనంతా కాపురం చేస్తుంది" అంది. అక్కడితో ఆగలేదు. ఇంకా పెద్ద పందేలు తోలేవాళ్లు ఒక్క పందెం వాడి తీసేసిన టైర్లు ఇంకో పక్క పడి ఉంటే, వాటిని సంతలో వంకాయలు ఏరినట్టు ఏరింది. తిప్పి లోపలి అంచు చూసింది. టైరు మీద చిన్న చిన్న గుంటలుంటాయి, అరిగేకొద్దీ వాటి లోతు తగ్గుతుంది. అగ్గిపుల్ల పెట్టి లోతు చూసింది. ఎప్పుడు తయారైందో పక్కన అచ్చేసిన అంకెలు చదివి, "ఇది ముసలిది" అని ఒకదాన్ని తోసేసింది. నేను ఈలోగా మూడుసార్లు ఫోన్ చూసుకుని, రెండుసార్లు ట్రక్కు చుట్టూ తిరిగొచ్చాను.

ఈ తెలివంతా ఊరికే రాలేదు. మొదటి చలికాలం టైర్లు చలికి పాడైపోతాయని, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కన పేర్చిందట. ఆ వేడి గాలికి అవి రాళ్లలా బిగుసుకుపోయాయి. మే నెలలో మొదటి మలుపులోనే కారు జారిపోయి గోడని ముద్దుపెట్టుకుంది. "మనవాళ్ల బుద్ధే అంత. చలి అనగానే దేన్నైనా కప్పేస్తాం" అని కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ ఈ కథ చెప్పి తనే ముందు నవ్వేది.

ట్రాకు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది గనక భారమంతా కుడివైపు టైర్ల మీద పడుతుంది. అందులోనూ కుడి ముందుది అన్నిటికంటే ముందు అరుగుతుంది. అందుకని ప్రతి టైరుకీ చోటు రాసిపెట్టుకునేది, పసుపు మైనపు సుద్దతో, తెలుగులో. కు.ము. అంటే కుడి ముందు. ఎ.వె. అంటే ఎడమ వెనక. పక్క పిట్‌లో, అంటే కార్లు నిలిపి బాగుచేసుకునే చోట, తనూ పందేలు తోలే ప్లంబరావిడ ఒకావిడ వంగి వంగి చూసి ఏం రహస్యం రాశావని అడిగేది. ఆంటీ చెప్పేది కాదు.

"ఇందులో రహస్యమేముందాంటీ?"

"ఏం లేదు. వాళ్లు బుర్ర గోక్కుంటుంటే నాకు బాగుంటుంది."

మొదటి వేడి సంగతి కూడా చెప్పాలి. కొత్త టైరుని నేరుగా పందెంలోకి తోస్తే బొబ్బలెక్కి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. ముందు ప్రాక్టీసులో నెమ్మదిగా మొదలుపెట్టి, చుట్టు చుట్టుకీ కాస్త వేగం పెంచి, లోపలిదాకా వేడెక్కాక ఆపెయ్యాలి. ఆ తర్వాత ఒక రోజంతా దాని జోలికి పోకూడదు. చల్లారుతూ చల్లారుతూ రబ్బరు గట్టిపడుతుంది. అలా చేసిన గట్టి టైరు ఆంటీ చేతిలో సీజనంతా నిలిచేది. పని తేలికే. చాలా నెమ్మదిగా తోలడం, తర్వాత ఏమీ చెయ్యకుండా ఉండడం. నా వల్ల కానివి సరిగ్గా ఆ రెండే.

ఆ రెండేళ్లలో నేను ఉద్యోగాలు మార్చాను, కోర్సు మార్చాను, జుట్టు రంగు మార్చాను. "స్టవ్ మీద పాలు పెట్టి, పొంగేలోపు మూడు పనులు మొదలుపెడతావే నువ్వు" అనేది ఆంటీ. ఒకసారి ప్రాక్టీసుకి నన్ను కూర్చోబెట్టింది. రెండో చుట్టుకే నా కాలు ఆగలేదు. దిగి చూస్తే టైరు మీద చిన్న చిన్న బుడిపెలు. ఆవిడ తిట్టలేదు. వేలితో తడిమి, "చూడు, వేడి కాఫీ తాగిన నాలుకలా ఎలా పొక్కిందో" అంది. ఇంటికొస్తుండగా 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మళ్లీ తనే ఎత్తుకుంది. "మీ ఈడు పిల్లలందరూ ఇంతే. విమానం దిగ్గానే కాలేజీ, షిఫ్టు, అసైన్‌మెంటు, పీఆర్ కాగితాలు. ఒక్కళ్లకీ మొదటి వేడి పెట్టలేదు. అందుకే ఆ బొబ్బలు."

"మరి మీకెవరు పెట్టారాంటీ?"

"ఎవరూ పెట్టలేదు. చూడు ఎలా తయారయ్యానో."

వెనక సీట్లో అంకుల్ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను విన్నది అప్పుడే.

నాలుగు గంటల విమాన దూరంలో, ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చి నేను వెళ్లిపోతుంటే, "పోవే, వాటికి కాళ్లు చాపుకునే చోటైనా వస్తుంది" అంది. కానీ ఆ గదిలో ఇంకెవర్నీ పెట్టలేదు. పెద్ద గదిలో పిల్లలు మారిపోయారు, మంచానికి గిరాకీ ఎంత పెరిగినా చిన్న గది మాత్రం టైర్లదీ నాదీగానే ఉండిపోయింది.

పెద్దకర్మకి వెళ్లాను. నిజం చెప్పాలంటే తిరుగు టికెట్ కావాలనే శనివారం పందెం దాటేలా, ఆదివారం సాయంత్రానికి తీసుకున్నాను. ఆవిడ కారులో, ఆవిడ టైర్ల మీద ఒక్క పందెం. ఎక్కడా కూర్చోలేక, ఎవరితోనూ మాట్లాడలేక తిరుగుతున్న నాకు అదొక్కటే చెయ్యగలిగిన పనిలా కనిపించింది. అడిగితే అంకుల్ వెంటనే, "నీ ఇష్టమమ్మా. తోలు. ఆవిడా కాదనదు" అన్నారు. పాత టైర్లు దారాలు బయటపడేదాకా అరిగిపోయాయి. ఉన్నవి ఆ కొత్త నాలుగే. ఆవిడ అప్పటికే చోట్లు రాసి ఉంచింది. వాటి మీద నేరుగా పందెం తోలితే ఆ సాయంత్రంతో సరి, తర్వాత పనికిరావు. పోతే పోనీ అనుకున్నాను. ఇంక వాటి మీద ఎవరు తోలతారు కనక?

శుక్రవారం గ్యారేజీలోకి జాకీ కోసం వెళ్లాను. బియ్యం బస్తా వెనక ఏదో తెల్లగా మెరిసింది. హెల్మెట్. కొత్తది, ధర చీటీ కూడా తియ్యలేదు. పెద్ద సైజు. నాకే వదులు, ఆంటీ తల నా తల కన్నా చిన్నది. కారు దగ్గరికి వెళ్లి సీటు బెల్టులు చూశాను. పొట్టి మనిషికి బిగించినవి, ఇప్పుడు అంకుల్ అంత మనిషికి సరిపోయేలా చివరిదాకా వదులు చేసి ఉన్నాయి.

బెల్టుల్ని అలాగే వదిలేశాను. జాకీ తీసుకోకుండానే వెనక్కొచ్చాను.

శనివారం మధ్యాహ్నం ప్రాక్టీసు. నాలుగు కొత్త టైర్లూ బిగించాం. మొదటి చుట్టు సైకిలు మీద వెళ్లినట్టు వెళ్లాను. పక్కనుంచి కార్లు దూసుకుపోతున్నాయి. ప్లంబరావిడ దాటిపోతూ ఏమైందని చెయ్యి ఊపింది. రెండో చుట్టు, మూడో చుట్టు. ఏ మలుపులోనూ టైరు అరవకూడదు. అరికాలు దురద పెడుతోంది, ఒళ్లంతా తొక్కు తొక్కు అంటోంది. కొంచెం పెంచాను. ఇంకొంచెం. స్టీరింగు బరువు మారి, కారు నేలని పట్టుకుంటున్నట్టు అనిపించగానే కాలు తీసేసి పిట్‌లోకి తెచ్చి ఇంజిన్ ఆపేశాను.

పందేనికి పిలుస్తున్నారు. కార్లు వరస కడుతున్నాయి. అంకుల్ పులిహోర డబ్బాతో వచ్చారు.

"అదేంటమ్మా, లైన్లోకి వెళ్లవా?"

"లేదంకుల్. రేపటిదాకా వీటిని ముట్టుకోకూడదు."

"మరి నీ పందెం?"

"రెండు వారాలకి ఇంకోటుందిగా. అందులో మీరు వెనకాల నుంచి మొదలుపెట్టండి. కుడి ముందుది అరిస్తే కాలు తీసెయ్యండి, ఎవడు దాటిపోయినా పట్టించుకోకండి."

ఆయన మొహం చెవులదాకా ఎర్రబడింది. "నీకెవరు చెప్పారు?"

"బియ్యం బస్తా."

ఆయన నవ్వబోయారు, కుదరలేదు. డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, "ఆవిడ పుట్టినరోజుకి కారులో నేను కూర్చుని ఉంటే, వచ్చి చూసి అరుస్తుందనుకున్నా" అన్నారు. "ఇన్నేళ్లూ అటు తిరిగి నిలబడ్డాను కదమ్మా. ఒక్కసారి ఆవిడ చూసేది నేనూ చూద్దామని."

పచ్చజెండా ఊపారు. ఆ రోజు ఆయన పార్కింగ్ వైపు తిరగలేదు. కంచె పట్టుకుని, ఒక్కో మలుపూ తల తిప్పుతూ చివరిదాకా చూశారు.

ఆదివారం నా విమానం సాయంత్రానికి. టైర్లు చిన్న గదిలో గోడవారగా ఉన్నాయి, వేడి పెట్టి ఇంకా రోజు నిండలేదని సంచుల్లో కట్టలేదు. బ్యాగు సర్దేసుకున్నాను. చెయ్యడానికేమీ లేదు. మంచం మీద కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. ఈసారి లేవలేదు. గదంతా అదే వాసన, కొత్త రబ్బరుది, కొంచెం కాలినది.

అంకుల్ రెండు కప్పుల టీ పట్టుకుని దిగొచ్చి నేల మీద కూర్చున్నారు. ఆయనకి ఎదురుగా కుడి ముందు టైరు. దాని మీద పసుపు సుద్దతో కు.ము., ఆంటీ చేతిరాత, కొమ్ము కాస్త సాగదీసి. ఆయన చెయ్యి ఆ అక్షరాల వైపు వెళ్లింది. దగ్గరదాకా వెళ్లి ఆగి, గాల్లో ఒక్క క్షణం అలాగే ఉండి, తిరిగొచ్చి టీ కప్పుని పట్టుకుంది.