పెనాన్ని చూడమన్న రైతు

మా బెల్లం రైతు గారు పోయారని గొలుగొండ నుంచి వచ్చే షేర్ ఆటో అతను చెప్పాడు. నేను నమ్మలేదు. ఆ ఆటో అతను లోగడ ఇద్దరు బతికున్నవాళ్లను చంపేశాడు. అందులో ఒకాయన మర్నాడు అదే ఆటో ఎక్కి, ముందు సీటు కోసం అతనితోనే గొడవ పడ్డాడు. అందుకని ఎలా పోయారు, ఎప్పుడు పోయారు, నువ్వు చూశావా, ఎవరైనా చెబితే విన్నావా అని వరసగా అడిగాను. పొద్దున్నే మంచులో తోట చూసొస్తానని వెళ్లి గట్టు మీద కూర్చున్నారట, ఇంక లేవలేదట. కూర్చోవడం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నాను. అతను విసుక్కున్నాడు.

"తెలిసిపోతన్నాది బాబూ, మీరు ఆయన కాడ బెల్లం కొన్నోళ్లేనండి," అని ఆటో కదిలించుకు పోయాడు.

నిజమే. ఆయన దగ్గర కొన్నవాళ్లందరికీ ఆ జబ్బు కొంచెం అంటింది.

ఆయనెవరో ఎరగనివాళ్ల కోసం చెబుతాను. గొలుగొండ అవతల ఆయనకు కొద్దిపాటి చెరుకు తోట, దాని పక్కనే ఒక తాటాకు పాక ఉండేవి. పాకలో చెరుకాడే క్రషరు, ఓ మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత ఇనప పెనం. చలికాలం రాగానే చెరుకు కొట్టించి, రసం తీయించి, బెల్లం తనే వండేవారు. ఆదివారం తెల్లారేసరికి దిమ్మల్ని మోపెడ్ వెనక కట్టుకుని నర్సీపట్నం తెచ్చి, మా వీధి మొదట్లో గోనె పరిచి అమ్మేవారు. మధ్యలో షావుకారు లేడు, కొట్టూ లేదు. వండిన చెయ్యే మన సంచిలో వేసేది.

అంతకుముందు ఆయనా అందరిలాగే మార్కెట్టుకు పంపేవారట. అక్కడి కమిషన్ షావుకారు దిమ్మ రంగు చూసి పెదవి విరిచేవాడట. బెల్లం పసుపుపచ్చగా మెరిస్తేనే వేలంలో గిరాకీ. అలా మెరవాలంటే మరిగే పాకంలో హైడ్రోస్ అనే తెల్లపొడి వెయ్యాలి. అది బట్టల్లో రంగు పోగొట్టే మందు. ఈయన వెయ్యనన్నారు. పాపమనీ పుణ్యమనీ ఆయన ఎన్నడూ అనలేదు. ఆ పొడి అమ్మేవాడి మొహం నచ్చలేదని మాత్రం చెప్పారు. ఆయన అనుమానాలన్నీ ఇలాగే మొహాల దగ్గర మొదలయ్యేవి.

ఆయన తన తూకాన్ని కూడా అనుమానించేవారు. ఇంటికెళ్లాక ఇంకోసారి తూయించుకోండి అని కొన్నవాళ్లను తరిమి తరిమి చెప్పేవారు. వాన లేదని టీవీలో చెబితే వెంటనే టార్పాలిన్ వెతుక్కునేవారు. బెల్లం బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, "ఏటి కావాలి మీకు?" అని అడిగేవారు. డాక్టరు గారు రాసిన మాత్రను విరిచి, ఒక సగం మింగి, దాని సంగతి తేలాక చూద్దామని రెండో సగాన్ని చొక్కా జేబులో దాచుకునేవారు. ఆ సగాలు ఉతుకులో కరిగిపోతున్నాయని ఇంట్లోవాళ్లు మొత్తుకునేవారట.

ఇక నా సంగతి. బడి చదువు అయిదో తరగతితో ఆగింది, మిగతాది అద్దె పుస్తకాల కొట్టు దయ. బతుకుతెరువు వాచీ రిపేరు. ఆ పని ఎలాంటిదో ఈ కాలం వాళ్లకు తెలియదు. వాచీ తెచ్చినవాడు ఇచ్చి వెళ్లిపోడు. కౌంటరు మీద మోచేతులు ఆనించి, నా పట్టకారు ఎటు కదిలితే అటు కళ్లు తిప్పుతూ నిలబడతాడు. లోపలి మంచి చక్రం నొక్కేసి అరిగిపోయింది పెడతానేమోనని. ఒకాయన వానలో తడిసిన వాచీ తెచ్చి, నేను మూత విప్పాక అందులోంచి జారిన నీళ్లు కూడా నావి కావు కదా అన్నట్టు చూశాడు. నలభై ఏళ్లు అలాంటి చూపుల కింద పనిచేసినవాడికి, ఇంకొకరిని అనుమానించకూడదన్న బుద్ధి రావాలి. నాకు ఎలా అనుమానించాలో మాత్రం వచ్చింది.

కొనేవాళ్లందరికీ ఆయన చెప్పే మాట ఒకటే. "నన్ను నమ్మడం ఏటండీ, వొచ్చి పెనాన్ని సూడండి." ఎవరూ వెళ్లేవారు కాదు. నేను వెళ్లాను. దిమ్మ అంత నల్లగా ఉండటం నాకు నచ్చలేదు. బెల్లం పచ్చగా ఉంటే మందు వేశాడనీ, నల్లగా ఉంటే మడ్డి కలిపాడనీ అనుకోవడం మా టౌనువాళ్లకు అలవాటు.

పుష్యమాసం పొద్దు. కిళ్లీ బుగ్గన పెట్టుకుని ఆటో దిగాను. పెనంలో రసం కుతకుతలాడుతోంది, కింద ఎండు చెరుకు పిప్పి మంట. ఆయన నాకు నమస్కారం పెట్టి పనిలో పడిపోయారు. కాసేపటికి పాక మూల నుంచి పాత పెయింటు డబ్బా ఒకటి తెచ్చి, అందులోంచి తెల్లగా ఏదో పెనంలోకి వంచారు. నురుగు బుస్సున లేచింది. దొరికాడు అనుకున్నాను. ఏం పోశారని అడగలేదు, అడిగితే అబద్ధం చెబుతారని అనుమానం. పనుందని చెప్పి, ఎదురొచ్చిన ఆటో ఎక్కేశాను.

ఊళ్లో దిగి మెడికల్ షాపు దగ్గర ఒక విడత, టీ కొట్టు దగ్గర ఇంకో విడత చెప్పాను. చెప్పినకొద్దీ డబ్బా పెద్దదయింది. సాయంత్రానికి ఆ డబ్బా మీద పుర్రె బొమ్మ ఉందట కదా అని ఎవరో నన్నే అడిగారు. ఉన్నా ఉండొచ్చు అన్నాను.

ఆ ఆదివారం ఆయన గోనె పరుచుకుని కూర్చుంటే మా వీధి జనం పలకరించి దాటిపోయారు. పై ఆదివారమూ అంతే. బెల్లం ఏడాది పొడుగునా అటక మీద దాచే సరుకు కాదు, చెమ్మ తగిలితే కారిపోతుంది. కోసిన చెరుకైతే మర్నాటి దాకా కూడా ఆగదు. తోటలో ఇంకా సగం నిలబడే ఉంది. మూడో ఆదివారం ఆయన గోనె దులుపుకుంటూ, మిగిలిన తోట షావుకారుకే వదిలేస్తానన్నారు. షావుకారు మనిషే వచ్చి పొడి వేసి వండుకుంటాడట. ఎవరితో అన్నారో తెలియదు, నేను పక్కనే ఉన్నాను. అంటే, వెయ్యని మందు వేశారని నేను చేసిన ప్రచారం ఆయన చేత నిజంగానే ఆ మందు వేయించబోతోంది.

మా వీధిలో రిటైరైన టీచరమ్మ గారున్నారు. మిషన్ స్కూల్లో ముప్పయ్యేళ్లు పిల్లల చేత నిజాలు చెప్పించిన మనిషి. ఆవిడ నన్ను గేటు దగ్గర ఆపి, డబ్బాలో ఏముందో అడిగారా అన్నారు. లేదన్నాను.

"మరి మూత విప్పకుండానే వాచీ పాడైందని చెప్పేవారా మీరు?" అన్నారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆవిడే ఆటో ఎక్కించారు. ఆ రోజూ బుగ్గన కిళ్లీ ఉంది. పాకలో దిగి, గొంతు సవరించుకుని, డబ్బాలో ఏమిటని అడిగాను. రైతు గారు డబ్బా తెచ్చి, నా జేబులోంచి తమలపాకుల పొట్లం తనే తీసి, ఒక ఆకు మీద డబ్బాలో ముంచిన వేలు రాసి నా చేతిలో పెట్టారు.

"నవలండి. పొద్దుటేల నుంచి మీ బుగ్గలో ఉన్నాది ఇదేనండి."

నీళ్లలో కలిపిన సున్నం. అది పోస్తే రసంలోని మురికి నురుగుతో పైకి తేలుతుంది, తేలిన ఆ మడ్డిని జల్లి గరిటతో తీసేస్తారు. సున్నం నములుతూ వెళ్లి, సున్నం పోశాడని ఊరంతా చాటినవాణ్ని ప్రపంచంలో నేనొక్కణ్నే అయ్యుంటాను. టీచరమ్మ గారు మర్యాదకు క్రషరు వైపు తిరిగి నవ్వుకున్నారు. తిట్టవలసిన మనిషి తిట్టకుండా నా చేతిలో ఆకు పెట్టారు. ఆ ఆకుకి ఈ రోజుకీ ఆయనకు కృతజ్ఞుణ్ని.

తప్పయిపోయిందన్నాను. ఇంటింటికీ తిరిగి అసలు సంగతి చెబుతానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"మీ మాటెవుడు నమ్ముతాడండీ?"

ఆయన అనుమానాల్లో అన్నిటికంటే సరైనది అదే. నేను తిరిగాను, చెప్పాను. మెడికల్ షాపాయన అంతా విని, ఎన్ని దిమ్మలు ముట్టాయి అని కన్ను గీటాడు. చెడ్డమాట ఒక పూటలో ఊరు చుట్టొచ్చింది. మంచిమాట ఆ షాపు మెట్లు కూడా దిగలేదు. తలవంచుకుని మళ్లీ పాక దగ్గరకు వెళితే ఆయన ఆశ్చర్యపోలేదు. "ఆళ్లనే తెండి. డబ్బా ఆళ్ల సేతికే ఇత్తాను," అన్నారు.

అలా మొదలైంది ఆ పద్ధతి. మెడికల్ షాపాయన నన్ను దొంగగా పట్టుకుందామనే వచ్చాడు. రైతు గారు డబ్బా అతని చేతిలో పెట్టి తాను రెండడుగులు వెనక్కి జరిగారు. అతను వాసన చూశాడు, నాకి చూశాడు, నన్ను చూశాడు, చివరికి పోశాడు. పాకం దిగిందాకా కదలకుండా నిలబడి, వేడి తగ్గని దిమ్మ పట్టుకుని ఇంటికెళ్లాడు. పై వారం ఇంకో నలుగురొచ్చారు. షావుకారు మనిషి ఆ ఏడు రానక్కర లేకపోయింది. అప్పటి నుంచి ప్రతి చలికాలం వంట ఉన్న రోజున మేము ఏడెనిమిదిమందిమి ఆటోలో వెళ్లడం, మాలో ఒకరు సున్నం పొయ్యడం ఆనవాయితీ అయిపోయింది. ఏడేళ్లలో ఆయన ఆ డబ్బా మళ్లీ ముట్టుకోలేదు. "సున్నం కొన్నోళ్ల వొంతు, మడ్డి నా వొంతు," అనేవారు.

నా వంతు మాత్రం ఎన్నడూ రాలేదు. డబ్బా నా దాకా వచ్చేసరికి ఆయన అందుకుని పక్కవాళ్లకు ఇచ్చేసేవారు. "మీరు సూడండి బాబూ. సూడ్డం మీకు బాగా వొచ్చు." నవ్వకుండా అనేవారు. నేను చూసేవాణ్ని. ఆయన నన్ను చూసేవారు. ఇద్దరి మధ్య స్నేహం అంటే అదే.

పోయిన వారం దినకార్యానికి మేమంతా వెళ్లాం. ఆయన కొడుకు అచ్యుతాపురంలో ఏదో కంపెనీలో షిఫ్టులకు వెళతాడు. క్రషరులో చెరుకు పెట్టించేదీ, కూలీలను అదిలించేదీ కోడలే. మాకంటే ముందే షావుకారు వచ్చి ఓదార్చి వెళ్లాడట. ఓదార్చినంతసేపూ ఆయన ఫొటో వైపు కాక తోట వైపు చూశాడని ఆమె చెప్పింది. రేపే మనిషినీ పొడినీ పంపుతానన్నాడట. ఆమె ఇంకా ఏ మాటా ఇవ్వలేదు.

మీరే అమ్మండమ్మా, మేము కొంటాం అన్నాను. ఆమె చూపు అచ్చం మామగారి చూపు.

"నిజంగా కొంటారా, మావయ్య పోనారని జాలికి అంటన్నారా?"

"జాలికి బెల్లం కొనే వీధి కాదమ్మా మాది," అన్నారు టీచరమ్మ గారు.

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆయన జల్లి గరిటను ఇంట్లో ఎవరి చేతికీ ఇవ్వలేదు. వాళ్ల చెయ్యి మీద ఆయనకు నమ్మకం లేదు. ఆమె పని ఎప్పుడూ క్రషరు దగ్గరే. "పాకం ఎప్పుడు దించాలో నాకు తెల్దండి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే పెనమంతా మాడిపోద్ది. ఒక్క పెనం పోనా తట్టుకోలేం."

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ పాక మీద ఏడు చలికాలాలు నిఘా వేసినవాళ్లం మేమే కదా. మధ్యలో ఏదైనా కలపడానికి సందు దొరుకుతుందేమోనని, సున్నం పోసిన నిమిషం నుంచి పాకం దించే నిమిషం దాకా నేను ప్రతిసారీ వాచీ చూసుకునేవాణ్ని. మిగిలిన మురికి పట్టడానికి బెండ మొక్క దంచిన జిగురు ఎంత వేస్తున్నారో, మంట ఎక్కడ తగ్గిస్తున్నారో టీచరమ్మ గారు ఆయన చేతుల మీంచి కళ్లు తిప్పకుండా చూసేవారు. మెడికల్ షాపాయనది ముక్కు. మందు వాసన వస్తుందేమోనని కూర్చున్నవాడికి, బెల్లం వాసన ఏ ఘడియలో ఎలా మారుతుందో కంఠతా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వంట పెట్టాం. సున్నం డబ్బా ఇచ్చేముందు కోడలు వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, మమ్మల్నందర్నీ ఒకసారి కలయజూసి, టీచరమ్మ గారికి ఇచ్చింది. మడ్డి తీసింది. టీచరమ్మ గారు జిగురు చాలు అన్న చోట ఆపింది. చివరికొచ్చేసరికి మాలో మాకు పడలేదు. నేను ఇంకా నాలుగు నిమిషాలుందన్నాను. మెడికల్ షాపాయన వాసన వచ్చేసిందన్నాడు. బుడగలింకా చిన్నవి, మంట తగ్గించమన్నారు టీచరమ్మ గారు. ఎవరి వాచీ, ఎవరి ముక్కు, ఎవరి కళ్లు నిజమో ఎవరికి తెలుసు? మాడితే ఆమె తోట షావుకారుదే. ఆమె మా ముగ్గురినీ నమ్మలేదు. ఇంట్లో పప్పుండల పాకం చూసినట్టు పళ్లెంలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి పళ్లేనికేసి కొట్టింది. మెత్తగా అతుక్కుంది. మళ్లీ చుక్క, మళ్లీ ఉండ. మూడోసారి ఉండ ఠక్కుమంది. దాన్ని మా మొహాల ముందు వరసగా పట్టుకుంది. అవునని చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదు. ఆమె ఆ ఉండ నోట్లో వేసుకుని కొరికి, ఎవరి వైపూ చూడకుండా, "దించండి," అంది.

కూలీలు పెనం వంచారు. ఆయనుండగా గాలి ఎటు వీస్తోందో చూసి, మమ్మల్ని ఆవిరికి ఇవతల నిలబెట్టేవారు. ఈసారి ఆ మాట చెప్పేవాళ్లు లేరు. నల్లటి పాకం తొట్టిలోకి దిగుతుంటే అందరం ఒక్కసారి ముందుకు వంగాం. వేడి ఆవిరి మొహాల మీద కొట్టి కళ్లద్దాలన్నీ తెల్లబడిపోయాయి. ఏడేళ్లు కాపలా కాసిన మాలో ఒక్కరం కూడా వాటిని తీసి తుడుచుకోలేదు.