నా మెడ కదలనివ్వని మేస్త్రీ

మండపేటలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. లోడు వచ్చినప్పుడు గోడౌన్‌లోకి వెళ్లి ధాన్యంలో తేమ ఎంతుందో చూడటం కూడా నా పనే. ఒక ఏడు దాళ్వా, అంటే రెండో పంట, ధాన్యం ఒక్కసారిగా వచ్చిపడి, బస్తాల వరసలు దాదాపు కప్పు దాకా లేచాయి. ఒకచోట అడుగు బస్తాని ఎలుకలు కొరికేశాయి. గింజలు కారిపోతుంటే వంగి చూశాను. అడుగున ఖాళీ అయితే పైవి ఒరుగుతాయన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

"మేడమ్ గారండీ!" అని ఎవరో అరిస్తే లేవబోయాను. అప్పటికే పైనుంచి ఒక బస్తా జారింది. అది పూర్తిగా మీద పడుంటే ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు. దాని మూల మెడకి తగిలి పక్కకు దొర్లింది. నేను వెల్లకిలా పడిపోయాను.

హమాలీలు పరిగెత్తుకొచ్చారు. ఒకరు నా భుజాలు, ఒకరు కాళ్లు పట్టుకున్నారు.

"ఆగండ్రా! ఎవరూ లేపొద్దు!"

హమాలీల ముఠాని నడిపే మేస్త్రీ గొంతు అది. యాభై దాటిన మనిషి. లోడు విషయంలో తప్ప ఆయనతో నాకు మాటల్లేవు, అవి కూడా ఎక్కువగా వాదనలే. ఆయన వచ్చి నా తల వెనక నేలమీద కూర్చుని, మోచేతులు నేలకి ఆనించి, రెండు అరచేతులతో నా తలని చెవుల దగ్గర గట్టిగా పట్టుకున్నాడు.

"తల తిప్పకండి మేడమ్ గారూ. ఏదడిగినా నోటితో చెప్పండి, తల ఊపకండి. కాలి వేళ్లు కదులుతున్నాయా?"

కదిలాయి. ఎడమ చెయ్యి మాత్రం తిమ్మిరెక్కింది.

"బానే ఉన్నానండీ, లేస్తాను."

"లేవకూడదండీ."

ఓనరు గారు వచ్చి కారు సిద్ధంగా ఉందన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "కూర్చోబెడితే మెడ వాలిపోద్దండి. మెడ దెబ్బని చెప్పి అంబులెన్స్‌ని పిలవండి." ఎవరో మంచినీళ్లు తెస్తే అవీ వద్దన్నాడు. "పడుకుని తాగితే పొలమారుద్ది, దగ్గితే మెడ అదిరిపోద్ది."

ఉక్క, ఊక దుమ్ము, చుట్టూ మగవాళ్లు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నా తల వదలండి! నాకు చెప్పడానికి మీరెవరు?" అంటూ నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన పట్టు సడలించలేదు. గింజలు ఊడ్చే ఆవిడని పిలిచి నా చీర సర్దించాడు, అందరినీ పక్కకి పొమ్మన్నాడు.

అరగంటకి అంబులెన్స్ వచ్చింది. వాళ్లు మెడకి గట్టి కాలర్ కట్టి, అందరూ ఒకేసారి తిప్పి పలక మీదకి చేర్చి, "ఇక వదలొచ్చు" అన్నాకే ఆయన చేతులు తీశాడు. ఆ వేళ్లు వంకర్లు పోయి వెంటనే చాపుకోలేకపోవడం నేను చూశాను.

రాజమండ్రిలో స్కాన్ తీస్తే మెడ ఎముకలో పగులు కనిపించింది. వెన్నుపాముకేమీ కాలేదు, చేతి తిమ్మిరి తగ్గిపోతుందన్నారు. "మిమ్మల్ని కదపకుండా ఉంచినవాళ్లకి దణ్ణం పెట్టుకోండమ్మా" అన్నారు డాక్టరు గారు. మూడు నెలలు కాలర్‌తోనే ఉన్నాను. మళ్లీ పనిలోకి వెళ్లేసరికి మిల్లులో బస్తాల వరసల ఎత్తు సగానికి తగ్గింది. చిరిగిన బస్తా కనిపిస్తే కింద చెయ్యి పెట్టకుండా పైనుంచి దించుకుంటూ రావాలని మేస్త్రీ కట్టడి చేశాడట.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. గుమ్మం దగ్గర మంచం మీద ఒకాయన పడుకుని ఉన్నాడు. నడుము దగ్గర్నుంచి కిందికి దుప్పటి కప్పి ఉంది.

"మా అన్నయ్యండి" అన్నాడు మేస్త్రీ. "ఇరవయ్యేళ్ల కిందట లారీ లోడు మీంచి పడ్డాడు. నేనే భుజానేసుకుని ఆటోలో పడేశాను. దారంతా తల ఊగుతానే ఉంది. అలా ఎత్తకూడదని ఆస్పత్రిలో చెప్పేదాకా తెలీదండి. ఎలా పట్టుకోవాలో ఆ రోజే అడిగి తెలుసుకున్నాను."

"ఆ రోజు మిమ్మల్ని అనరాని మాటలన్నాను. క్షమించండి" అన్నాను.

"దెబ్బ తగిలినోళ్లు తిట్టకుండా ఉంటారేంటండి? మీరు తిడతా ఉంటే నాకు ధైర్యంగా ఉంది, ఊపిరి బానే ఆడతందని."

మంచం మీద ఆయన నవ్వాడు. "వీడు ఇప్పటికీ తన వల్లే నా కాళ్లు పడిపోయాయనుకుంటాడండి. పడ్డప్పుడే పోయాయేమో, ఎవరికి తెలుసు? ఆ లారీవోడు నన్ను రోడ్డు మీద వదిలేసి పోయాడు. వీడు భుజానేసుకోబట్టే మీతో మాట్లాడతన్నాను."

మేస్త్రీ వంగి అన్నయ్య తల కింద దిండు సర్ది, నాకు కూడా అన్నం వడ్డించమని లోపలికి కేకేశాడు. వద్దనడానికి నాకు మనసొప్పలేదు. ఆ పూట ముగ్గురం అక్కడే, ఆ మంచం పక్కనే తిన్నాం.